పేరు పిలవని క్లాసు

యూసుఫ్‌గూడలో కిరాయి గది డాబా మీద, ఫోనును ఇటుకకు ఆనించి మనోజక్క వ్యాయామం క్లాసులు చెప్పిన రోజుల్లో నా పని ఒక్కటే. పొద్దున ఆరింటికి లైవ్‌లో చేరినవాళ్ల పేర్లు చదవడం. మొదట్లో ఇరవై ముగ్గురు. మా ఊరి బడిలో హాజరు పిలిచినట్టే ఉండేది. అక్క ఫోనులోని చిన్న చిన్న గడుల్లోకి కళ్లు చిట్లించి చూస్తూ ఒక్కొక్కరినీ దిద్దేది.

"బుచ్చమ్మత్తా, మోకాలు బయటికి పోతుంది. పొయ్యి దిక్కు చూడకు."

"పాలు పొంగుతయి బిడ్డా."

"పొంగనీ. మోకాలు పోతే మళ్లొస్తదా?"

మోతీనగర్ బుచ్చమ్మ నవ్వుతూనే గుంజీలు తీసేది.

ఇప్పుడు అక్క వీడియోలు ఆరు లక్షల మంది చూస్తారు. ఫిల్మ్‌నగర్‌లో సొంత స్టూడియో. ఒక యాప్ కంపెనీ నలభై పాఠాలు రికార్డు చేసి ఇమ్మంది. ఒప్పుకుంటే లైవ్ ఆపేయాలి. మొదటి పాఠం షూటింగు రోజు సాయంత్రంలోగా కుదరకపోతే వేరే కోచ్‌ను చూసుకుంటామని కంపెనీ మనిషి రవిచంద్ర మర్యాదగానే చెప్పాడు.

పదేళ్లు సినిమాల్లో గ్రూపు డాన్సులు చేసిన అక్కకు కెమెరా భయం లేదు. అయినా తొమ్మిది టేకులు పోయాయి. ఒళ్లు కదులుతోంది, మాట కదలడం లేదు.

"ఏంటండీ, పాఠం అప్పజెప్పినట్టుంది," అన్నాడు రవిచంద్ర.

"గాడ ఎవరున్నరు సార్?" అక్క లెన్స్ వైపు చెయ్యి చూపింది. "ఎవరిని చూసి చెప్పాలె?"

పదో టేకులో అక్క లెన్స్‌ను వదిలేసి, దాని కింద ఖాళీ నేల వైపు కళ్లు చిట్లించింది. పెదాల మీదికి నవ్వొచ్చింది.

"బుచ్చమ్మత్తా, మోకాలు. జర లోపలికి. ఆఁ, గట్ల."

ఇక ఆగలేదు. ఇరవై నిమిషాలు చెప్పింది.

"ఇదండీ కావాల్సింది," అన్నాడు రవిచంద్ర. "ఆ పేరొక్కటి తీసేస్తే చాలు."

ఎడిటింగ్ నాదే. అక్క వంక చూశాను.

"తీసెయ్," అంది చెమట తుడుచుకుంటూ. "గీ పాఠం చూసెటోళ్లు వేరే ఉంటరు."

పేరు తీసేశాను. దానికి ముందొచ్చిన నవ్వు తర్వాతి మాట మీదికీ సాగింది, కోస్తే మాట సగంలో తెగుతోంది. అది ఉంచేశాను. ఆ సాయంత్రమే అక్క సంతకం పెట్టింది.

పాఠం బాగా నడుస్తోంది. అక్క తమను చూసే నవ్వినట్టుందని కింద చాలామంది రాస్తుంటారు. అందరికీ లైకు కొట్టి ఊరుకుంటాను.