మానేరుకు చేరని పటం

నేను ఒక చచ్చిన పటాన్ని. ఈ మాట మ్యూజియం వాళ్లకు నచ్చదు. వచ్చినవాళ్లకు నన్ను చూపించి "సజీవ సంప్రదాయం" అంటారు. ఆ వెంటనే ముట్టుకోవద్దంటారు.

పుట్టుకతో ముతక ఖద్దరు గుడ్డని. చింతగింజల జిగురు, సుద్ద పట్టించి ఎండబెట్టి, నకాషీ చిత్రకారుడు నా ఒంటినిండా నేతగాళ్ల మూలపురుషుడు భావనారుషి కథను బొమ్మలుగా రాశాడు. కళ్లు మాత్రం చివర్న దిద్దాడు. కళ్లు పడ్డాక ప్రాణమొచ్చినట్టేనని, మనిషిలా చూసుకోమని, కథ చెప్పే రాజీరుకు అప్పగించాడు. రాజీరు నన్ను మనిషికన్నా బాగానే చూసుకున్నాడు. వానొస్తే గొడుగు నాకు పట్టేవాడు. భార్య సాయవ్వకు ఆ గొడుగు కింద చోటు దొరికినట్టు నాకు గుర్తులేదు.

పద్మశాలీలకు వాళ్ల కులపురాణం చెప్పే ఇల్లు రాజీరుది. నేతవాడలో నన్ను రెండు గుంజల మధ్య కట్టి, పుల్లతో ఒక్కో బొమ్మా చూపిస్తూ పాడేవాడు. తమ పూర్వీకులు దేవతలకు బట్టలు నేశారని విని జనం మురిసిపోయేవారు. కథ అయ్యాక మిల్లు చొక్కాలు దులుపుకుని లేచేవారు.

పటం పాతబడితే మావాళ్లు పారేయరు. కొత్తది రాయించి, పాతదానికి బొట్టుపెట్టి, అన్నం చూపించి, ఏడ్చి, మానేరు నదిలో వదులుతారు. పాతది నీళ్లకు పోనిదే కొత్తది విప్పకూడదు.

నా అంచులు చిరిగేనాటికి రాజీరు మంచం పట్టాడు. అప్పుడే పట్నం నుంచి మ్యూజియం వాళ్లొచ్చి, కొన్నాళ్ల ప్రదర్శనకని నన్ను తీసుకెళ్లారు. ప్రదర్శన అయిపోయింది. రాజీరూ అయిపోయాడు. నేను మాత్రం అద్దం వెనక కొనసాగుతున్నాను.

కొడుకు కొత్త పటం రాయించాడు. అది మూటలోనే ఉండిపోయింది. పాతదాన్ని సాగనంపనిదే కథకు కూర్చోబోమన్నారు నేతవాడ పెద్దలు. కొడుకు విసిగిపోయి, కథా వద్దు పటమూ వద్దు, మరమగ్గం పనికి పోతానన్నాడు. అప్పుడు సాయవ్వ బస్సెక్కి మ్యూజియానికి వచ్చింది.

క్యూరేటర్ ప్రభంజనం గారు మర్యాదస్తులు. కుర్చీ వేయించి, టీ తెప్పించి, ఇవ్వనన్నారు.

"ఇది జాతి సంపదమ్మా. నీళ్లలో వేస్తే నా ఉద్యోగం పోతుంది."

"ఇది సచ్చింది సారూ. సచ్చినోళ్లను గిట్ల నిలవెట్టి లైట్లేస్తరా?"

ఆయన ఆలోచించి, గుమ్మం దగ్గర వేలాడే నా ఫ్లెక్సీ ఫొటో ఇస్తానన్నారు. అచ్చం ఇలాగే ఉంటుంది, దాన్ని వదలమన్నారు.

"మీ నాయిన ఉన్నడా సారూ?"

"లేడు. మొన్న చలికాలంలో పోయాడు."

"మరి ఫొటోను కాలవెట్టిన్రా?"

ప్రభంజనం గారు చాలాసేపు టీ కలిపారు. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది. తర్వాత లేచి తాళంచెవి తీశారు.

"కింది అంచు ఒక్కటే," అన్నారు.

సాయవ్వ సంచిలో మానేరు నీళ్ల సీసా ఉంది. ఇవ్వరని తెలిసే వచ్చినట్టుంది. కాపలాదారు టిఫిన్ గిన్నెలో ఆ నీళ్లు పోసి, నాకు బొట్టుపెట్టి, నా అంచును అందులో ముంచింది. ప్రభంజనం గారు గోడకేసి చూస్తూ నిలబడ్డారు. నా ఎరుపు నీళ్లలోకి దిగింది.

"మస్తు తిరిగినవ్ బిడ్డా," అంది సాయవ్వ. "ఇగ మీ అయ్య కాడికి పో."

ఆ ఎర్రనీళ్లు మళ్లీ సీసాలోకి వంపుకుని, చెంగుతో కళ్లు తుడుచుకుని, నదిలో వదలడానికి బస్టాండుకు నడిచింది.

ఆదివారం ప్రభంజనం గారు నేతవాడకు వెళ్లి, నేలమీద కూర్చుని కొత్త పటం కథ విన్నారు. కొడుకు గొంతు ఇంకా పదునెక్కలేదట. జనం మాత్రం కూర్చున్నారట.

తర్వాత తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు నా అంచు మీది మరక చూసి ఇదేమిటన్నాడు.

"పైకప్పు కారుతోంది సార్," అన్నారు ప్రభంజనం గారు.

ఆఫీసరు తలెత్తి గంభీరంగా చూసి, వెంటనే మరమ్మతు చేయించమన్నాడు. నా గది పైన ఇంకా రెండంతస్తులున్నాయి. ఆయన ఆ మెట్లెక్కలేదు.

ఇప్పుడు పొద్దస్తమానం పైన సుత్తుల మోత. సాగనంపిన రోజు నాకు డప్పు మోగలేదని చిన్న వెలితి ఉండేది. సర్కారు ఖర్చుతో అదీ తీరింది.