సూదిమొన కింద ఒక పలక

నేను ఒక మధ్యాహ్నం వేళ చావు తప్పించుకున్న యంత్రాన్ని. తెరిచి నిలబెడితే ల్యాప్‌టాప్‌ని, మెడ పూర్తిగా వెనక్కి విరిచి మడిస్తే పలకని. రెండు అవతారాలు ఒకే ఒంట్లో ఉన్నాయని నా పెట్టె మీద గొప్పగా అచ్చువేశారు కానీ, ఆ రెండో అవతారం ఎలా ఉంటుందో చాలాకాలం నాకే తెలియదు. ఇవాళ గుడివాడలో ఒక మగ్గం వర్క్ కొట్లో బల్ల మీద హాయిగా పడుకుని ఈ కథ చెబుతున్నాను. దీనికి ముందు, నా తెర ఊడదీయడానికి స్క్రూడ్రైవర్ బయటికి వచ్చిన రోజొకటి ఉంది.

పుట్టింది సముద్రాల అవతల, దుమ్మురేణువుకు కూడా అనుమతి లేని ఫ్యాక్టరీలో. ముసుగులు వేసుకున్న మనుషులు నన్ను పసిబిడ్డలా ఎత్తుకుని తెర అతికించారు, పక్కన చిన్న గూడు పెట్టి అందులో ఒక కలాన్ని పడుకోబెట్టారు. ఆ కలంతో నా మీద గీయొచ్చు. నొక్కిపట్టి గీస్తే గీత లావవుతుంది, తేలిగ్గా పోనిస్తే వెంట్రుకంత సన్నమవుతుంది. ఇంత విద్య నేర్పి పంపినవాళ్లు నన్ను ఎవరి చేతికి ఇవ్వాలో మాత్రం ఆలోచించలేదు.

హైదరాబాదులో ఒక కంపెనీ నాలాంటివాళ్లను గంపగుత్తగా తెప్పించింది. నేను ఒక మేనేజరు వంతుకు వచ్చాను. మంచివాడే. మీటింగుల్లో నన్ను అడ్డం పెట్టుకుని ఫోనులో క్రికెట్ స్కోరు చూసేవాడు. నా కెమెరా కంటికి నల్లటేపు అంటించాడు, ఎవరైనా చూస్తారేమోనని. ఆ తర్వాత తను తిన్న ఇడ్లీ దగ్గర నుంచి కొన్న చెప్పుల దాకా అన్నీ ఫొటోలు తీసి లోకమంతటికీ తనే చూపించేవాడు. నన్ను ఒక్కనాడూ మడిచింది లేదు. కలాన్ని గూట్లోంచి ఒకే ఒక్కసారి తీశాడు, చెవి గోక్కోవడానికి.

కంపెనీల్లో మాకు ఓపిక తగ్గిందా లేదా అని ఎవరూ చూడరు. గడువు తీరితే వెళ్లిపోవాల్సిందే. నా బుర్రను శుభ్రంగా తుడిచారు. మనుషులు ఒకరినొకరు మరచిపోవడానికి ఏళ్లు తీసుకుంటారు, నా విషయంలో ఒక టీ తాగేంత సమయం సరిపోయింది. అయితే వాళ్లు తుడిచింది ఫైళ్లనే, చెవి గోకిన అవమానాన్ని కాదు.

అలా అట్టపెట్టెలో బస్సెక్కి విజయవాడలో మస్తాన్‌వలి కొట్టుకు చేరాను. పాత కంప్యూటర్లను విప్పి, బాగుచేసి, మళ్లీ అమ్మడం అతని వ్యాపారం. దీన్ని రీఫర్బిష్డ్ అంటారు. అతను నా బ్యాటరీ మార్చాడు, వదులైన కీలు బిగించాడు, మూలన ఉన్న సొట్టను మాత్రం అలాగే వదిలేశాడు. సొట్ట దాచితే మిగతాది కూడా దాచానని అనుకుంటారని అతని సిద్ధాంతం. అంతా బాగానే ఉంది కానీ నన్ను కొనేవాళ్లే రాలేదు. కుర్రాళ్లందరూ వచ్చి మామూలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుపోయేవారు. నన్ను ఒకసారి మడిచి, ఒకసారి విప్పి, నవ్వుకుని అద్దాల అరలో పెట్టేసేవారు.

ఒక ఉదయం ఏలూరు నుంచి ఒక మెకానిక్ ఫోన్ చేశాడు. అతని దగ్గర నాలాంటిదే ఒకటి తెర పగిలి పడి ఉందట. నా తెర ఊడదీసి ఇస్తే చాలట, భోజనాలయ్యాక వచ్చి పట్టుకెళ్తాడట. మస్తాన్‌వలి నా వైపు చూసి ఒక్క క్షణం ఆలోచించాడు. అప్పటిదాకా అమ్ముడుపోకపోతే సరేనన్నాడు. ఫోను పెట్టేసి, స్క్రూడ్రైవర్ తీసి నా పక్కనే పెట్టాడు.

నా ఆయుష్షు ఆ పూటకు కుదించుకుపోయిన సంగతి తెలియని ఇద్దరు ఆడవాళ్లు సరిగ్గా అప్పుడే గుడివాడ బస్సు దిగి కొట్లోకి వచ్చారు.

ముందు వచ్చినామె సుభాషిణి. మగ్గం వర్క్ జాకెట్లకు డిజైన్లు గీస్తుంది. వెనక వచ్చినామె కోటేశ్వరమ్మ, సుభాషిణి భర్తకు అక్క. వీళ్ల పని పద్ధతి వేరు. సుభాషిణి పల్చటి ట్రేసింగ్ కాగితం మీద డిజైన్ దించుతుంది. కోటేశ్వరమ్మ ఆ కాగితాన్ని మడతపెట్టిన దుప్పటి మీద పరిచి, గీత పొడవునా సన్న సూదితో బెజ్జాలు పొడుస్తుంది. ఆ కాగితాన్ని గుడ్డ మీద పెట్టి, కిరసనాయిల్లో కలిపిన తెల్లపొడి రుద్దితే, బెజ్జాల్లోంచి డిజైన్ గుడ్డ మీదికి దిగుతుంది. ఆ చుక్కల వెంటే జరీ, పూసలు నడుస్తాయి. ఏళ్ల తరబడి ఒకరు గీయడం, ఒకరు పొడవడం. ఒకరి చెయ్యి ఆగితే రెండోవాళ్ల చెయ్యి దానంతటదే లేస్తుంది.

ఇప్పుడు చల్లపల్లి నుంచి ఒక పెళ్లివారి బేరం వచ్చింది. పెళ్లికూతురితో పాటు ఇంటిల్లిపాది ఆడవాళ్ల జాకెట్లు. అయితే పెళ్లికూతురి తల్లి ఒక షరతు పెట్టింది. సూది దిగకముందే తమ జాకెట్టు గుడ్డ మీద డిజైన్ ఎలా ఉంటుందో చూపించాలి. ఇంకో కొట్టువాళ్లు కంప్యూటర్లో చూపిస్తున్నారట. ఆదివారం వస్తామని, చూపిస్తే సరి, లేకపోతే అటే వెళ్తామని చెప్పేసింది. కొత్త యంత్రం ధర వినగానే సుభాషిణికి కళ్లు తిరిగాయి. అందుకే పాతదాన్ని చూద్దామని వచ్చింది. కోటేశ్వరమ్మ వద్దనడానికి వచ్చింది.

నన్ను బల్ల మీద పెట్టగానే ఆవిడ మొదటి మాట, "వెనక్కి తిప్పు." మగ్గం పని చేసేవాళ్లు ఏ జాకెట్టునైనా ముందు తిరగేసి, లోపలి ముడులు చూసి గానీ పనితనం ఒప్పుకోరు. నా వీపంతా అరచేత్తో తడిమింది. సొట్ట దగ్గర వేలు ఆగింది.

"బాగుంటే ఎందుకు అమ్ముకున్నారంట?"

కంపెనీలవాళ్లు బాగున్నా సరే కొన్నేళ్లకోసారి మార్చేస్తారని మస్తాన్‌వలి చెప్పాడు.

"మనుషుల్ని కూడా అంతేనా?"

"అంతేనమ్మా. కాకపోతే మనుషులకి బ్యాటరీ మార్చి మళ్లీ అమ్మలేం."

ఆవిడకు నవ్వొచ్చింది కానీ, బేరంలో ఉన్నానని గుర్తొచ్చి ఆపుకుంది. మస్తాన్‌వలి ఏది మార్చాడో, ఏది మార్చలేదో దాచకుండా చెప్పాడు. కొన్ని నెలల హామీ ఉందన్నాడు, తెరకు మాత్రం లేదన్నాడు. కోటేశ్వరమ్మకు కావలసిన ముక్క దొరికింది.

"విన్నావా సుభా? బోల్డంత పెట్టి కొనేది ఆ తెర కోసం, దానికే హామీ లేదంట."

సుభాషిణి వినడం లేదు. మస్తాన్‌వలి నన్ను మడిచి పలకను చేశాడు. ఆమె గూట్లోంచి కలం తీసింది. ఒక్క గీత. మామిడిపిందె నడుము దగ్గర మొదలై, తోక దగ్గర సన్నబడి, మళ్లీ చుట్టుకుని వచ్చింది. నా జన్మలో ఎవరైనా నామీద గీసిన మొదటి గీత అది. మెడ చుట్టూ పిందెలు, మధ్యలో నెమలి. పెళ్లికూతురి జాకెట్టు గుడ్డను ముందే ఫోనులో ఫొటో తీసుకుని వచ్చింది. మస్తాన్‌వలి దాన్ని నాలోకి ఎక్కించి, ఆమె గీసిన డిజైన్‌ను దానిమీద కూర్చోబెట్టాడు. జరీ రంగు కావాలంటే జరీ, ముత్యాల తెలుపు కావాలంటే తెలుపు. సుభాషిణి ముఖం చూస్తే పెళ్లివారు అక్కడే కూర్చుని ఉన్నారేమో అనిపించింది.

కోటేశ్వరమ్మ ముఖం మాత్రం చిన్నబోయింది. నెమ్మదిగా అంది. "ఇందులోంచే గుడ్డ మీదికి అచ్చు కొట్టేస్తారంటగా. ఇంక నేనెందుకే నీకు?"

అప్పుడు అర్థమైంది. ఆవిడ దెబ్బలాడుతున్నది నా సొట్టతో కాదు, నాతో.

సుభాషిణి సంచిలోంచి ట్రేసింగ్ కాగితం తీసి నా తెర మీద పరిచింది. మస్తాన్‌వలి నాకు వేలిస్పర్శ తెలియకుండా ఆపేశాడు, బొమ్మ కదలకుండా. కింద నా వెలుగు, పైన కాగితం. పెన్సిల్‌తో దించుతుంటే గీత ఎక్కడా తప్పిపోలేదు. సగం అయ్యేసరికి ఫోను మోగింది. చల్లపల్లి నుంచే. ఆమె పెన్సిల్ పక్కన పెట్టి, గుమ్మం దగ్గరికి వెళ్లి మాట్లాడసాగింది.

సుభాషిణి చెయ్యి ఆగింది. ఇంకేముంది, కోటేశ్వరమ్మ చెయ్యి లేచింది. మంగళసూత్రాల దగ్గర గుచ్చుకున్న సూది బయటికి వచ్చింది. కళ్లు గుమ్మం వైపు, చెవులు పెళ్లివారి మాటల మీద. కాగితం కింద దుప్పటి లేదన్న సంగతి ఆ చేతికి ఎవరు చెబుతారు? అలవాటైన బలంతో సూది దిగింది.

టిక్కుమంది.

మస్తాన్‌వలి బల్ల మీద నుంచి దూకినంత పని చేశాడు. కాగితం ఎత్తి చూస్తే నెమలి మెడ దగ్గర నా అద్దం మీద ఆవగింజలో సగమంత మచ్చ. కోటేశ్వరమ్మ సూది పట్టుకుని కొయ్యబారిపోయింది. సుభాషిణి ఫోను కట్టేసి పరుగున వచ్చింది.

ఏలూరు మెకానిక్ గుమ్మంలో అడుగుపెట్టింది అప్పుడే. తెర ఎక్కడని అడిగాడు. మస్తాన్‌వలి చేయి స్క్రూడ్రైవర్ మీదికి వెళ్లింది. మెకానిక్ నన్ను ఎత్తి, వెలుతురుకు పట్టి, అటూ ఇటూ వంచాడు. మచ్చ దగ్గర గోటితో గీకాడు. తన ఖాతాదారు ఒక్క గీటున్నా ఒప్పుకోడని, తనకు వద్దని, నన్ను బల్ల మీద పెట్టి వచ్చినదారినే పోయాడు.

నన్ను పొడిచిన సూదే నన్ను కాపాడింది. కానీ ఆ ఆనందం నాకు మాత్రమే. మస్తాన్‌వలి కుర్చీలో కూలబడ్డాడు.

"ఇప్పుడు దీన్ని ఎవరు కొంటారమ్మా?"

కోటేశ్వరమ్మ మరదలి చేతికి కలం అందించి, మచ్చ మీద నుంచి గీయమంది. సుభాషిణి గీసింది. నెమలి మెడ మచ్చ దాటి, ఎక్కడా వణకకుండా కిందికి దిగింది. ఆవిడ వంగి, కళ్లు చికిలించి చూసింది. ఇంకోసారి గీయించింది. మూడోసారి ఏటవాలుగా గీయించింది. అప్పుడు నడుం నిలబెట్టింది.

"గట్టిదే," అంది. తర్వాత సుభాషిణి వైపు తిరిగింది. "ఇది గీత చూపించింది, నా చెయ్యి దానంతటదే పోయింది చూశావా? ఇదేం పొడవలేదు. పొడిచింది నేనే. ఈ ముక్క తెలీక పొద్దుట్నుంచీ నీ ప్రాణం తీస్తున్నా."

"పొడవడం నీ పనే వదినా. నిన్ను కాదని ఇంకోళ్లకి ఇస్తానా?"

"అయితే సంచిలో పెట్టు. ఆ అబ్బాయి మొహం చూడలేకపోతున్నా."

మస్తాన్‌వలి స్క్రూడ్రైవర్ సొరుగులో పడేసి, నాకు చార్జరు వెతికి తెచ్చాడు. అద్దం మీదికి గీతలు పడకుండా ఒక మందపాటి పారదర్శక పొర తనే ఊరికే అంటించాడు. అంటిస్తూ, బెజ్జాలు పొడిచేటప్పుడు కాగితం తీసి పక్కన పెట్టుకోవాలని రెండుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్పబోతే కోటేశ్వరమ్మ చూసిన చూపుకు ఆగిపోయాడు.

ఆదివారం పెళ్లివారు వచ్చారు. వదినామరదళ్లు నన్ను బల్ల మీద నిలబెట్టి, పెళ్లికూతురి జాకెట్టు మీద డిజైన్ చూపించారు. మెడ కొంచెం కిందికి కావాలన్నారు. సుభాషిణి అక్కడికక్కడే దించింది. నెమలి వద్దు, హంస కావాలన్నారు. కోటేశ్వరమ్మ టీ తెచ్చేలోగా హంస వచ్చి కూర్చుంది. జాకెట్టు గుడ్డలన్నీ అక్కడే వదిలి, కొలతలు ఇవ్వడానికి లేచారు. లేస్తూ లేస్తూ పెళ్లికూతురి తల్లి నన్ను చూసి మెచ్చుకుంది.

"ఎంత బాగా గీసిందండీ మీ కంప్యూటరు."

కోటేశ్వరమ్మ టీ గ్లాసులు తీస్తూ అంది. "అది గీయదమ్మా. గీసేది మా మరదలు. అది పట్టుకుంటుంది, అంతే."

నా పెట్టె మీద అచ్చువేసిన గొప్పలన్నీ ఒక్క మాటతో కొట్టేసింది మహాతల్లి. నేనేమీ చిన్నబుచ్చుకోలేదు. అంత పెద్ద ఆఫీసులో అన్నేళ్లూ నా మీద నిట్టూర్పులు తప్ప ఇంకేమీ నిలవలేదు. ఇక్కడ పొద్దున్నే ఒక కాగితం వచ్చి నా మీద పరుచుకుంటుంది, ఒక చెయ్యి దానిమీద వాలుతుంది, కింద నుంచి నేను వెలుగుతాను. చల్లపల్లి హంస మగ్గం ఎక్కింది. దాని రెక్క దగ్గర సందేహం వచ్చినట్టుంది, సుభాషిణి నన్ను పిలుస్తోంది. వెళ్లి పట్టుకోవాలి.