ఆగనంటున్న ఇంజను

చెరువు గట్టు రోడ్డెక్కాక ఆనంద్ పాల్ యాక్సిలరేటరు మీంచి కాలు తీశాడు. జీపు వేగం తగ్గలేదు.

అది 2004 వేసవి. నాలుగు లక్షల కిలోమీటర్లు తిరిగిన ఆ డీజిలు జీపులో కొల్లేటి లంకల నుంచి ఏలూరుకి జనాన్ని చేరవేస్తుంటాడతను. ఇంజన్లో రింగులు అరిగి ఆయిలు తాగుతోంది. క్లచ్ జారుతోంది. వానలు పడేలోగా రెండూ మార్పించాలనుకుంటున్నాడు. అందాకా రోజూ ఆయిలు చూడందే బండి కదిలించడు. లారీలు నడిపి ముసలివాడైన తండ్రి యోసేపు నేర్పిన అలవాటది. ఆ యోసేపు ఇప్పుడు పక్క సీట్లోనే ఉన్నాడు. వెనక చేపల గంపతో మణెమ్మ, మరికొందరు ఆడవాళ్లు.

"నాన్నా, కాలు తీసినా లాగేస్తోందండీ!"

అద్దంలో రోడ్డు కనబడలేదు. అంతా నీలం పొగ.

"ఒరేయ్, సొంత ఆయిలు తాగేస్తోందిరా! ఆపేయ్!" యోసేపు అరిచాడు.

ఆనంద్ పాల్ ఇంజను ఆపే నాబ్ లాగాడు. డీజిలు ఆగింది గాని, లోపలి ఆయిలునే మండించుకుంటూ ఇంజను తిరుగుతూనే ఉంది. ఇంకా గట్టిగా అరవసాగింది. రెండు పక్కలా చేపల చెరువులు. ఎదురుగా రోడ్డంతా ఆక్రమించి గడ్డి ట్రాక్టరు వస్తోంది. బరువుకి ఇంజను ఆగిపోతుందని టాప్ గేరులోకి నెట్టి, ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు. ట్రాక్టరుకి బారెడు దూరంలో జీపు నిలబడింది.

చక్రాలు ఆగాయి గాని, అరిగిన క్లచ్ జారుతూ ఇంజనుని తిరగనిస్తూనే ఉంది. కాలిన వాసన గుప్పుమంది.

"దిగండి! అందరూ దిగిపోండి!"

ఆడవాళ్లు కిందికి దూకారు. అతను మాత్రం కదలలేడు. బ్రేకు వదిలితే జీపు ట్రాక్టరు మీదికి ఉరుకుతుంది. వదలకపోతే ఇంజను పగిలి ముక్కలు మీదికొస్తాయి.

యోసేపు అప్పటికే బానెట్ ఎత్తాడు. "గాలి మూసేస్తేనే ఇది ఆగేది! ఏదైనా ఇవ్వండమ్మా!"

మణెమ్మ చేపలు కోసే చెక్క, గంప మీది తడి గోనె అందించింది. పొగలో ముసలాయన చేతులు తడుముకుంటూ వెళ్లాయి. గాలి గొట్టం ఊడబెరికి, గోనె మడతపెట్టి, దానిమీద చెక్క అదిమి, ఒంటి బరువంతా వేసి నొక్కాడు.

"నాన్నా, చేతులు జాగ్రత్తండీ!"

ఇంజను దగ్గింది. వణికింది. ఆగిపోయింది.

ఆనంద్ పాల్ కిందికి దిగాడు. కాసేపయ్యాక ఆయిలు కొలిచే పుల్ల లాగి చూశాడు. పుల్ల మీది గీతకి చాలా పైదాకా తడి ఉంది. ఎక్కువైన ఆయిలే అరిగిన రింగులు దాటి పైకెక్కింది.

"పొద్దున్నే నేను సరిపడా పోశాను. మీరూ పోశారా?"

"తగ్గిందేమోనని డబ్బాలో ఉన్నదంతా పోశానురా."

"గీత చూడలేదాండీ?"

యోసేపు మసి చేతులు పంచెకి తుడుచుకున్నాడు. మెల్లగా అన్నాడు. "గీత కనబట్టంలేదురా. కొన్నాళ్లయింది. చెబితే బండి దగ్గరికి రానివ్వవని..."

నాలిక చివరిదాకా వచ్చిన కోపం ఆనంద్ పాల్ నోట్లోనే ఆగిపోయింది. తండ్రి చేతివేళ్లు కాలి బొబ్బలెక్కుతున్నాయి.

"బాబూ, ఐసు కరిగిపోతంది. నా చేపలెలాగండీ?" అంది మణెమ్మ.

ట్రాక్టరతను బండి ఏలూరు వైపు తిప్పి, జీపుకి తాడు కట్టాడు. అందరూ మళ్లీ ఎక్కారు. ఆనంద్ పాల్ స్టీరింగు పట్టుకున్నాడు.

"ముందు కళ్ల డాక్టరు దగ్గరికండీ. మెకానిక్కు షెడ్డు సంగతి తర్వాత."

"ఇంజను ఇవాళే విప్పించాలిరా, బేరింగులు పోయుంటాయి."

"పోనివ్వండి," అన్నాడు కొడుకు.