ముప్పై ఎనిమిది మార్కుల సార్జెంట్

సుబేదార్ మన్సూర్‌కి కాగితాలంటే ఒళ్ళుమంట. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో మంచునీ ఎడారినీ భరించాడు గానీ ఫారాలు నింపడం మాత్రం అతని వల్ల కాలేదు. రిటైరయ్యేలోపు సొంత జిల్లాలో ఉందామని నరసరావుపేట ఎన్.సి.సి.కి అడిగి మరీ వస్తే, ఇక్కడా అదే గోల. పది రోజుల శిక్షణతో పిల్లల్లో నాయకత్వం ఏపాటి పెరిగిందో నూటికి ఇన్ని మార్కులని వేసి పంపమంటూ పైనుంచి ఒక పట్టిక వచ్చింది. యాభై దాటని సార్జెంట్ల జబ్బ మీది చారలు తీసేయాలట.

"నాయకత్వాన్ని టేపు పెట్టి కొలుస్తారా ఏంది!" అని విసుక్కున్నాడు. అయినా ఆర్డర్ ఆర్డరే.

ఆఖరి పరీక్ష ఎనిమిది కిలోమీటర్ల నడక. మన్సూర్ నడక ముగిసే కాలవ వంతెన దగ్గర గడియారం పట్టుకుని నిలబడ్డాడు. సార్జెంట్ పవన్ తన పదిమంది సెక్షన్‌కి ముందు నడుస్తూ, అరుస్తూ, డెబ్భై నిమిషాల్లో వచ్చేశాడు. పట్టిక ప్రకారం తొంభై మార్కులు. అతని వాళ్ళు ముగ్గురు మాత్రం అరగంట తర్వాత ఆటో దిగారు. అది రాయడానికి పట్టికలో చోటు లేదు.

ఇంకో సార్జెంట్ షారోన్ సెక్షన్ తొంభై అయిదు నిమిషాలకు వచ్చింది. పదిమందీ ఒక్క గుంపుగా వచ్చారు. అందరికన్నా వెనక, కుంటుతున్న దీపిక పక్కన, రెండు సంచులు మోస్తూ షారోన్. కమాండర్ ముందు నడిచిందా? లేదు. గట్టిగా ఆజ్ఞలిచ్చిందా? లేదు. మూడుసార్లు కూడినా ముప్పై ఎనిమిదే వచ్చింది. మన్సూర్‌కి ప్రాణం ఉసూరుమంది. చారలు వచ్చిన రోజు ఆ పిల్ల వాటిని తనే కుట్టుకుని, నాదెండ్లలో చేలో ఉన్న వాళ్ళమ్మకి వీడియో కాల్ చేసి చూపించడం అతను కళ్ళారా చూశాడు.

"కమాండర్‌వి, ఎనక నడుస్తావేందమ్మా?" అన్నాడు కాస్త కోపంగానే.

"మా అమ్మ మిరపకాయ కోతల ముఠాకి మేస్త్రి సార్. ఎవురు ఎనకబడితే ఆళ్ళ పక్క సాలు తను పట్టుద్ది. తన సాలు కోస్తానే పక్క సాల్లో కూడా నాలుగు చెట్లు కోసేసుద్ది. ముఠా అంతా ఒక్కసారే గట్టెక్కాలంటది. నాకు తెలిసింది అదే సార్."

మన్సూర్ పెన్ను తీశాడు. పట్టికలో ఒక్క మార్కు కూడా కలపలేదు. అడుగున మాత్రం 'చారలు ఉంచాలి' అని రాసి సంతకం పెట్టాడు.

మర్నాడే ఆ పట్టిక చూసిన కల్నల్ ఫోన్ చేసి హిందీలో గట్టిగా అడిగాడు. "ముప్పై ఎనిమిది వేసింది మీరే, ఉంచమనేదీ మీరే. ఏమిటిది సుబేదార్ సాబ్?"

"మార్కులు సరైనవే సార్," మన్సూర్ కూడా హిందీలోనే చెప్పాడు. "సిపాయిగా ఉన్నప్పుడు మంచుకొండ దిగుతూ నా కాలు మెలిపడింది. ఆ రోజు అందరికన్నా ముందు కిందికి దిగినవాడు ఎవరో నాకు గుర్తు లేదు. నాతోపాటు వెనకే నడిచినవాడి పేరు నా పెద్దకొడుక్కి పెట్టుకున్నాను."

కల్నల్ "ఉంచండి" అని ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం షారోన్ భయంభయంగా వచ్చి నిలబడింది.

"ఎన్నొచ్చినయ్ సార్?"

"ముప్పై ఎనిమిది."

"ఫెయిలా సార్?" అంటూ జబ్బ మీది కుట్టు విప్పబోయింది.

"ఫెయిలే. చారలు మాత్రం ముట్టుకోబాకు. ఉంచుకోమన్నారు."

షారోన్ మడమలు కలిపి సెల్యూట్ కొట్టింది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఏడుస్తా సెల్యూట్ కొట్టకూడదమ్మా," అని మందలించాడు మన్సూర్, తన కళ్ళు తుడుచుకుంటూ.