ఏకగ్రీవ తీర్మానం

ట్రస్టు మీటింగు రోజున ఉప్మాలో జీడిపప్పు దండిగా పడాలి. అల్లం బాగా సన్నగా తరగాలి, ప్రెసిడెంటుగారికి పళ్ళు సరిగ్గా లేవు. కాఫీ రెండు విడతలు ఇవ్వాలి. మొదటిది అందరూ కూర్చోగానే, రెండోది సంతకాలప్పుడు. ఇవన్నీ మా ఆయన పెట్టిన నియమాలు. ఆ గురువారం పొద్దున నేను జీడిపప్పు వేయిస్తుంటే ఎడమ చెవి ఇంకా హోరుమంటూనే ఉంది. ముందురోజు తగిలిన దెబ్బ అది. మూకుడులో నెయ్యి చిటపటలాడడం కుడి చెవికే వినిపిస్తోంది.

మా ఆయన దక్షిణామూర్తిగారు నర్సీపట్నంలో పేరున్న ప్లీడరు. గిరిసాగర కళాశిక్షణ ట్రస్టుకి కార్యదర్శి కూడా. ఏజెన్సీ ఊళ్ళ డోళ్ళు, విల్లంబులు, రంగు వెలిసిన తోలుబొమ్మలు, సముద్రపొడ్డు పల్లెల్లోని పాత చెక్కబొమ్మలు, ఇవన్నీ పోగుచేసి మా ఇంటి ముందు భాగంలోనే చిన్న మ్యూజియం పెట్టారు. దాని పక్కన, అలాంటి వస్తువుల్ని శుభ్రం చేసి బాగుచేసే పని ఆడపిల్లలకి నేర్పే బడి. ట్రస్టీలు ఐదుగురు. రిటైరైన హెడ్మాస్టరు యాజులుగారు ప్రెసిడెంటు. తర్వాత మా ఆయన, ఆయన పినతండ్రి కొడుకు నారాయణమూర్తి, రైసుమిల్లు సోమన్నగారు. ఐదో ట్రస్టీని నేను. ఒక ఆడమనిషి పేరుండాలని పైనుంచి రాశారట. "నీ పేరు పెట్టానే వర్ధనం, సంతోషమేనా?" అన్నారు. ఆరేళ్ళలో ఆ మీటింగు గదిలో నేను ఒక్కసారి కూడా కూర్చోలేదు. మినిట్సు పుస్తకమే వంటింట్లోకి వచ్చేది. చేతులు కొంగుకి తుడుచుకుని, వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేసేదాన్ని. "చదువుతావేమిటే, అక్కడ కాఫీ చల్లారిపోతోంది" అనేవారు.

పిల్లలకి పని నేర్పేది మాత్రం నేనే. ఎండి ముడుచుకుపోయిన తోలుని తడిబట్ట వేసి ఎలా సాగదియ్యాలో, పురుగు తిన్న చెక్కలో లక్క ఎలా నింపాలో, పాత రంగు పక్కన కొత్త రంగు తెలియకుండా ఎలా కలపాలో, పుస్తకాలు చూసి కొంత, బొమ్మలు చేసే ముసలివాళ్ళ దగ్గర కూర్చుని కొంత నేర్చుకున్నాను. రికార్డుల్లో శిక్షకుడు నారాయణమూర్తి. "నువ్వు చేస్తే నేను చేసినట్టే కదా వదినా" అని నవ్వేవాడు. వచ్చిన ఆఫీసర్లకి నేను బాగుచేసిన బొమ్మలు చూపించి తన పనిగా చెప్పుకునేవాడు. నేను అక్కడే కాఫీ ట్రేతో నిలబడి ఉండేదాన్ని. నేర్పడం ఇష్టం కాబట్టి ఆ సంగతి పట్టించుకోలేదని నాకు నేను చెప్పుకునేదాన్ని. నిజానికి పట్టించుకుంటే ఏం జరుగుతుందో తెలుసు కాబట్టి పట్టించుకోలేదు.

ఆ పిల్లల్లో కొండలమ్మ వేరు. సముద్రపొడ్డు పల్లె నుంచి వచ్చింది, పంతొమ్మిదేళ్ళది. వాళ్ళమ్మ అప్పయ్యమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మేది. వలలు అల్లిన వేళ్ళు కావడం వల్లనేమో, ఆ పిల్ల పట్టుకుంటే విరిగిన బొమ్మ మళ్ళీ ఊపిరి పోసుకునేది. నాకు రెండు రోజులు పట్టే పని తనకి ఒక పూటలో అయిపోయేది. నాకు పిల్లల్లేరు. ఆ చేతుల్ని చూస్తూ కూర్చున్నప్పుడు మాత్రం ఆ లోటు గుర్తుకొచ్చేది కాదు.

మంగళవారం మధ్యాహ్నం స్టోరుగదిలోంచి కేక వినిపించి పరిగెత్తాను. నారాయణమూర్తి ఇనప బీరువా తలుపుకి భుజం ఆనించి నిలబడ్డాడు. తలుపు సందులో కొండలమ్మ కుడి చెయ్యి నలుగుతోంది. అతని బుగ్గ మీద మూడు గోళ్ళ గీతలు, నెత్తురు కారుతోంది.

"ఒంటి మీద సెయ్యేసినాడమ్మా! గీరేసినానని ఇలగ..." అని ఆ పిల్ల ఏడుస్తూ అరిచింది.

అతను తల తిప్పి నన్ను చూశాడు. చూసి, తలుపుని ఇంకోసారి నొక్కాడు. ఎండుపుల్లలు విరిగినట్టు చప్పుడైంది. మొదటిసారి కోపంలో చేశాడని ఎవరైనా అనుకోవచ్చు. రెండోసారి నా కళ్ళలోకి చూస్తూ చేశాడు. నేను ఎవరికీ చెప్పనని అతనికి అంత నమ్మకం.

అతన్ని తోసేసి, రిక్షా ఎక్కించి ఆ పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మూడు వేళ్ళు విరిగాయన్నారు డాక్టరుగారు. ఎలా విరిగాయని ఆయన అడిగేలోపు మా ఆయన వచ్చేశారు. "నిచ్చెన మీంచి పడిందండీ" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. మాట్లాడలేదు. ఆ పిల్ల నా మొహంలోకి చూసిన చూపు గుర్తొస్తే ఇప్పటికీ తల దించుకుంటాను.

బుధవారం అప్పయ్యమ్మ స్టేషనుకి వెళ్ళి చెప్పింది. జరిగిందేమిటో ట్రస్టు వాళ్ళు రాసివ్వాలని అక్కడివాళ్ళు అడిగారు. ఐదుగురం ఒకే మాట మీద సంతకాలు చేస్తే కేసు ఉండదని మా ఆయన లెక్క. "నేను చూశానండీ" అన్నాను. చెంప మీద కొడితే వెళ్ళి గోడకి తగిలాను. "ఏమిటే నువ్వు చూసింది? మా వాణ్ణి జైల్లో పెట్టిస్తావా?" బతికుండగా మా అత్తగారు అనేవారు, "మగాడి చెయ్యి ఊరికే ఉండదమ్మా, మన నోరే మనం ఊరుకోబెట్టుకోవాలి" అని. ఆవిడ ఎడమ కన్ను సరిగ్గా కనిపించేది కాదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

గురువారం ఉప్మాలు తిన్నారు. రెండో కాఫీ కలుపుతుండగా మినిట్సు పుస్తకం వచ్చింది. నాలుగు సంతకాలు అప్పటికే ఉన్నాయి. మొదటిసారి పూర్తిగా చదివాను. 'శిక్షణార్థి కొండలమ్మ నిచ్చెన మీంచి జారిపడినట్టు ట్రస్టీలందరూ విచారించి ఏకగ్రీవంగా నిర్ధారించడమైనది. మానవతా దృష్టితో ఆమెను శిక్షణ నుంచి విడుదల చేయడమైనది.'

జారిపడడం. ఆ మాట నాదే. దవడ వాచినప్పుడు పక్కింటి శారదాంబగారితో స్నానాలగదిలో జారిపడ్డానన్నాను. మెడ దగ్గర ఎముక విరిగినప్పుడు మెట్ల మీద జారిపడ్డాను. ఐదో నెల కడుపు పోయినప్పుడు నూతి చప్టా దగ్గర జారిపడ్డాను. మా అమ్మకి కూడా అదే చెప్పాను, ఆవిడ నమ్మినట్టు తలూపింది. పదమూడేళ్ళలో నేను పడని చోటు ఆ ఇంట్లో లేదు. ఇప్పుడు నా చేతికి కలమిచ్చి ఇంకో ఆడపిల్లని పడెయ్యమంటున్నారు.

కాఫీ అక్కడే వదిలేసి పుస్తకం పట్టుకుని మీటింగు గదిలోకి వెళ్ళాను. నలుగురు మనుషులు, నాలుగు కుర్చీలు. వరండాలో అప్పయ్యమ్మ, కట్టు కట్టిన చేతితో కొండలమ్మ నిలబడి ఉన్నారు. తీర్మానం వినిపిద్దామని వాళ్ళని పిలిపించారు.

"నేను సంతకం పెట్టనండీ. నారాయణమూర్తి కావాలని విరగ్గొట్టాడు. నేను చూశాను" అన్నాను.

యాజులుగారు గొంతు సవరించుకున్నారు. "అమ్మాయ్, నువ్వు ఇంట్లో మనిషివి. ఇది సంస్థ పరువు. రేపు ఇంకో నలుగురు పిల్లలు నేర్చుకోవాలా, వద్దా?"

"ఎవరి దగ్గర నేర్చుకోవాలండీ?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"పిచ్చి వదినా, నీకు ఒంట్లో బాగులేదు" అన్నాడు నారాయణమూర్తి నవ్వబోతూ.

అప్పయ్యమ్మ గుమ్మంలోకి వచ్చేసింది. "మా గుంట జారిపోనాదని రాసినారా బాబూ? తడి పడవ సెక్క మీద గెంతుతా పెరిగిన గుంటండి అది. కెరటాల మీద జారనిది మీ సిమెంటు గచ్చు మీద జారిపోనాదా?"

"నువ్వు బయటికి నడు" అని గద్దించి మా ఆయన లేచారు. నా దగ్గరికి వచ్చారు. జుట్టుముడి పట్టుకుని వంటింటి గుమ్మందాకా ఈడ్చుకెళ్ళి ద్వారబంధానికేసి నా తల కొట్టారు. నుదురు చిట్లింది. నెత్తురు కంట్లోకి దిగింది. "పెట్టవే సంతకం" అని రెండోసారి కొట్టారు. నెత్తుటి మసకలోంచే ఆ గది నాకు స్పష్టంగా కనిపించింది. సోమన్నగారు ప్లేటులో మిగిలిన జీడిపప్పుని వేలితో పక్కకి తోస్తున్నారు. యాజులుగారు కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకుంటున్నారు. "దక్షిణామూర్తీ, ఆ తలుపేసుకో నాయనా. రోడ్డు మీద జనం వింటారు" అన్నారు.

మూడోసారి తల తగల్లేదు. అప్పయ్యమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది. పడవలోంచి చేపల గంపలు దించే చెయ్యి అది.

"వొదులు లాయరుబాబూ. వొదలకపోతే ఈ సెయ్యి ఇరిసేస్తాను. అప్పుడు అదీ జారిపడిపోనాదని రాసుకోండి."

ఆయన విదిలించుకోబోయారు. కుదరలేదు. వేళ్ళు ఒక్కొక్కటే నా జుట్టులోంచి ఊడాయి. నేను గుమ్మం పట్టుకుని లేచాను. నాకు భయం వేస్తుందని ఎదురుచూశాను. వెయ్యలేదు. అంతకంటే ఎక్కువ ఏం చెయ్యగలరో ఆ ఇంట్లో నాకు అప్పటికే తెలుసు.

"బేగి నడండమ్మా" అంది కొండలమ్మ, ఎడమ చేత్తో నా మోచెయ్యి పట్టుకుని.

చెప్పులు వేసుకోలేదు. పుస్తకం మాత్రం చంకలోనే ఉంది. ముగ్గురం పట్టపగలు బజారు మధ్యలోంచి నడిచాం. జాకెట్టు మీద నెత్తురు ఎండిపోతోంది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు తప్పుకుని దారిచ్చారు. నాకు తెలిసినవాళ్ళు నలుగురైనా ఉండుంటారు. నేను కొంగు తల మీదికి లాక్కోలేదు.

స్టేషనులో రైటరు వయసు మళ్ళినాయన. బల్ల ముందు కూర్చోబెట్టి అన్నీ అడిగారు. బీరువా తలుపు గురించి, మొదటిసారి గురించి, రెండోసారి గురించి చెప్పాను. "ఈ పిల్ల మీకేమవుతుందమ్మా?" అన్నారు.

"చుట్టరికమేమీ లేదండీ. నేను ట్రస్టీని" అన్నాను. ఆ మాట నేను పైకి అనడం అదే మొదలు.

ఆ కేసు మూడేళ్ళు నడిచింది. నారాయణమూర్తికి ఏడాది శిక్ష పడింది. కొండలమ్మ వేళ్ళలో రెండు మళ్ళీ వంగలేదు. ఎడమ చేత్తో కుంచె పట్టడం నేర్చుకుంది, ఎస్. రాయవరంలో మేమిద్దరం అద్దెకి తీసుకున్న గదిలో ఇప్పుడు పిల్లలకి నేర్పేది ఆ పిల్లే. నన్ను ట్రస్టీగా తీసేస్తూ నెల తిరక్కుండా తీర్మానం వచ్చింది. అదీ ఏకగ్రీవమే. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ రోజు రైటరుగారు రాసింది చదివి వినిపించి, నా చేత సంతకం పెట్టించుకున్నారు. కలానికి మూత పెట్టబోతూ నా నుదుటి వైపు చూసి ఆగారు.

"మరి మీకిదేమిటమ్మా?"

అప్పయ్యమ్మ నన్నే చూస్తోంది. కొండలమ్మ నేలకేసి చూస్తోంది.

"మా ఆయన కొట్టారు" అన్నాను.

ఆయన ఇంకో కాగితం తీసుకుని, "మా ఆయన కొట్టారు" అని పైకి అనుకుంటూ రాయడం మొదలుపెట్టారు. ఇంకొకరి నోట వినేసరికి ఆ మాట నాకు ఎబ్బెట్టుగా తోచింది.

"ఆగండి" అన్నాను. "కొట్టారు కాదు. కొట్టాడు అని రాయండి."