గాలి తగలాలని

నాకు ఎదురుచూడటం చేతకాదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఊరికే మూత తీసి చూసే రకాన్ని. అలాంటిదాన్ని పోయి పోయి ఎయిర్‌పోర్టు కార్గోలో పడ్డాను. ఇక్కడ పొద్దస్తమానం ఎదురుచూడటమే పని.

షాద్‌నగర్ వైపు ఫ్యాక్టరీల నుంచి మందులు సిటీ వైపున్న మా కంపెనీ గోదాముకు వస్తాయి. అక్కడి నుంచి ఏసీ కంటైనర్ బండిలో శంషాబాద్ కార్గోకు, కార్గో నుంచి విమానంలోకి. దారి పొడవునా రెండు డిగ్రీలకు తగ్గకూడదు, ఎనిమిది దాటకూడదు. దాటితే అది మందు కాదు, సీసాలో నీళ్లు. ఆ రోజు వస్తున్నవి క్యాన్సర్ ఇంజెక్షన్లు. ఆఫ్రికాలో ఏదో దేశపు ఆసుపత్రులకు పోవాలి. సాయంత్రం విమానం. పైన మే నెల ఎండ మాడ్చేస్తోంది.

ఆ బండిలో డ్రైవర్ చందుతోపాటు మా మామ దశరథం ఉన్నాడు. మహేశ్వరం దగ్గర మా ఊళ్లో ఆయన జీవితమంతా చామంతులు పండించాడు. పొలం ప్లాట్లయిపోయాక ఇంట్లో కాలు నిలిచేది కాదు. నా కూరలో ఉప్పు మొదలుకొని వీధిలో పోయే ఆటో దాకా అన్నిటితోనూ తగవే. మా అత్త ముత్తమ్మ "ఈ మనిషిని ఎటన్న తోలవే" అని నా ప్రాణం తీస్తుంటే, మా మేనేజర్ శివశంకర్ గారిని బతిమాలి బండి కాపలా పని ఇప్పించాను. వెనక తలుపు తాళంచెవి దగ్గర పెట్టుకుని, కార్గో చేరేదాకా బండిని వదలకుండా ఉండాలి. అంతే పని. అంత మాత్రానికే మనిషి మారిపోయాడు. పొద్దున్నే గడ్డం గీసుకునేవాడు. కంపెనీ ఇచ్చిన పచ్చ జాకెట్ మా చేతికివ్వకుండా తానే ఉతుక్కునేవాడు. తగవులు మానేశాడు. ఆ పని పోతే మళ్లీ పాత మనిషి అవుతాడేమోనని నాకు లోపల భయం. ఆయన్ని అలా మళ్లీ చూడలేను.

మధ్యాహ్నం చందు ఫోన్ చేశాడు.

"అక్కా, సాతంరాయి కాడ లారీ అడ్డం పడ్డది. బండ్లన్ని ఆగినయ్. మన ఏసీ గూడ ఇప్పుడే బందైంది. జర ముంగట మెకానిక్ ఉన్నడు, ఉరికి పిల్సుకొస్త."

అయినా కంటైనర్ గోడలు మందం. తలుపు మూసి ఉన్నంతసేపు లోపలి చల్లదనం లోపలే ఉంటుంది. ఫోన్ మామకు ఇమ్మన్నాను.

"మామా, ఏమైనా గానీ తలుపు మాత్రం తెరవొద్దు."

"నేనుండంగ ఎవడు తెరుస్తడు బిడ్డా. నువ్వు పరేషాన్ గాకు."

ఆ మాటతో కాస్త కుదుటపడ్డానే గానీ, నా కాళ్లు కుదుటపడలేదు. గేటు దాకా పోవడం, రావడం. కోల్డ్‌రూమ్ తలుపు దాకా పోవడం, రావడం. చందు ఫోన్ ఎత్తడు. మామ ఫోన్ మోగుతుంది గానీ పలకడు. పక్క కౌంటర్ కళ్యాణి "జర కూసో అక్కా, నిన్ను చూస్తుంటే నాకు తల తిరుగుతుంది" అంటే ఆమె మీద కూడా కసిరాను.

"బండి ఎక్కడుందండీ శ్రీలత గారూ? విమానం మన కోసం ఆగదు కదా" అన్నారు శివశంకర్ గారు.

"వచ్చేస్తోంది సార్" అన్నాను, నాకేదో తెలిసినట్టు.

నిజంగానే వచ్చింది. ఏసీ పనిచేస్తోంది, విమానానికి ఇంకా టైముంది. ఎగిరి గంతేయాలనిపించింది. మామ దిగాడు. చెమటతో నిలువెల్లా తడిసిపోయి ఉన్నాడు, కానీ ముఖం వెలిగిపోతోంది. తాళం తీసి తలుపు తెరిచాడు. గుప్పున తడి గోనె వాసన వచ్చింది. తలుపు దగ్గరి అట్టపెట్టెల మీద గోనెసంచులు పొందికగా పరిచి ఉన్నాయి.

"మామా, ఇదేంది?"

"ఏసీ బందైంది గద. లోపట ఉబ్బరిచ్చి పాడైతయని తలుపు బార్లా తీసి గాలి తగలనిచ్చిన. పక్క హోటలోళ్లను అడిగి సంచులు తెచ్చి, తడిపి కప్పిన. చందు వచ్చేదాక ఎండ వడకుండ నేనే అడ్డం నిలవడ్డ."

అప్పుడు అర్థమైంది. మూసిపెడితే పూలు వాటి ఆవిరికి అవే కమిలి నల్లబడతాయి. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయే దారిలో బండి ఆగితే ముందు పైన కప్పిన పట్టా ఎత్తాలి, తడి గోనె కప్పాలి. మా ఊళ్లో ఇది పసిపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు.

"తెరవొద్దని చెప్పిన గద మామా."

"దొంగల గురించి చెప్తున్నవనుకున్న. నేను ఆడనే నిలవడి ఉన్న గద బిడ్డా."

చేర్చుకున్న రోజు ఆయనకు ఒక ఇంగ్లీషు వీడియో చూపించి, సంతకం పెట్టించి, జాకెట్ ఇచ్చాం. తలుపు ఎందుకు తెరవకూడదో ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

లోపల వేడిని కొలిచే యంత్రాలు రెండు ఉంటాయి. మూలన ఉన్నది ఏడు దాటలేదు. తలుపు దగ్గరిది పంతొమ్మిది దాకా పోయింది. చందు నా చెవి దగ్గరకొచ్చాడు.

"అక్కా, లోపలిది మంచిగనే ఉంది. తలుపు కాడిది ఖరాబైందని చెప్దాం. తడిసిన డబ్బాలు పక్కకు పెట్టి మిగిలినయ్ పంపుదాం. పెద్దాయన నౌకరి పోతది లేకుంటే."

ఆ మాట నా చెవికి తియ్యగా వినిపించింది. అబద్ధమెందుకు చెప్పాలి, చాలా తియ్యగా వినిపించింది. అటు నుంచి శివశంకర్ గారు వస్తున్నారు. మామ నా ముఖంలోకే చూస్తున్నాడు.

"పాడైనయా?" అని మెల్లగా అడిగాడు.

"పాడైనయి మామా. ఇవి పూలు గావు. మూసిపెడితెనే బతుకుతయి."

శివశంకర్ గారు వచ్చేశారు. యంత్రాలు రెండూ ఆయన చేతిలో పెట్టాను. "దారిలో తలుపు తెరిచారు సార్. ఈ సరుకు పంపకూడదు."

"ఎవరండీ తెరిచింది?"

నేను తడి సంచుల వైపు చూశాను.

"నేనే సారూ" అన్నాడు మామ.

"ఎందుకు తెరవకూడదో ఆయనకు చెప్పాల్సింది నేను. నేను చెప్పలేదు" అన్నాను.

"మీ సంగతి రేపు మాట్లాడదామండీ. ఆయన్ని మాత్రం ఇక రావద్దనండి." పక్కనే ఉన్న మనిషికి చెప్పకుండా నాకు చెప్పి వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియని కోపం.

మామ జాకెట్ విప్పి, మడిచి, తాళంచెవి దాని మీద పెట్టి నాకిచ్చాడు. ఎదురు తిరుగుతాడనుకున్నాను, నా వెంట నడిచాడు. పార్కింగ్ దగ్గర గట్టు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. తాగలేదు.

"శ్రీలతా, ఆ మందు కోసం సూసేటోళ్లకు మల్ల ఎప్పుడు పోతది?"

"మల్ల తయారు గావాలె మామా. వచ్చే నెల కావచ్చు."

"నెల దాక ఆగుతదా, వాళ్ల రోగం?"

నాకు తెలియదని చెప్పాను. ఆయన తుండుగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పొలం పోయిన రోజు కూడా ఏడవని మనిషి, ఎవరో ముక్కూ ముఖం తెలియని వాళ్ల కోసం నా ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు.