తలగడ మీది గుడ్డ

మూడింటి పేషెంటు వెళ్లగానే ఒటీలియా సోఫా తలగడ మీది తెల్లగుడ్డ తీసింది. పడుకుని మనసు విప్పుకునే ప్రతి మనిషికీ ఉతికిన గుడ్డ పరచాలి. వియన్నాలో మనోవిశ్లేషకుల ఇళ్లలో అదే మర్యాద. డాక్టరు ఆమె భర్త ఎగాన్. పన్నెండేళ్లుగా గుడ్డలు ఉతికేది మాత్రం ఆమె.

ఆ గది తలుపు మూసిన యాభై నిమిషాలూ ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. "లోపల మనుషులు గుండెకోత చెప్పుకుంటుంటే నీకు కాఫీ మర తిప్పడమే ముఖ్యమా?" అనేవాడు ఎగాన్. "మా వాడి పేరు చెడగొట్టడానికే వచ్చావు తల్లీ" అని అత్తగారు వంతపాడేది. ఊరందరి గోడూ ఓపిగ్గా వినే ఆ పెద్దమనిషి, భోజనాల దగ్గర ఒటీలియా నోరు తెరిస్తే పేపరు తెరిచేవాడు.

మూడేళ్ల కిందట డాక్టర్ హెడ్విగ్ లాంట్స్ వచ్చింది. ఆ ఊళ్లో ఈ వైద్యం చేపట్టిన తొలి ఆడవాళ్లలో ఒకరు, ఎగాన్‌కి గురువు. శిష్యుడు పేషెంటుతో ఉన్నాడని తెలిసి, నేరుగా వంటింట్లోకే వచ్చి కూర్చుంది. ఇస్త్రీ చేస్తున్న ఒటీలియాని కాసేపు చూసింది.

"నీకేం కలలొస్తాయమ్మాయ్?"

"నాకా?" అంది ఒటీలియా. ఈలోగా ఇస్త్రీపెట్టె కింద గుడ్డ మాడిపోయింది.

"గురువారం మా ఇంటికి రా. చెబుదువుగాని."

ఎగాన్‌కి బజారుకని చెప్పి వెళ్లింది. మొదటిరోజు సమయం అయిపోగానే, అలవాటుకొద్దీ తలగడ గుడ్డ లాగి చంకలో పెట్టుకుని బయల్దేరింది.

"అదెక్కడికే?"

"ఉతకాలి కదండీ!"

ముసలావిడ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. తర్వాత ఆ గుడ్డ మెల్లగా తీసేసుకుంది. "ఇక్కడ పడుకున్నది నువ్వు. ఇది నేను ఉతుక్కుంటాలే."

ఒటీలియా మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. తను తల ఆనించిన గుడ్డ ఇంకొకరు ఉతకడం పెళ్లయ్యాక అదే మొదలు. ఆ రుణం ఎలా తీరుతుంది?

లాంట్స్ పోయి వారమైంది. ఇవాళ నాలుగున్నరకి సంతాపసభ. ఎగాన్ ఉపన్యాసం పదకొండు పేజీలకీ శుద్ధప్రతి ఒటీలియాయే రాసింది. శిష్యుల పేర్లన్నీ ఉన్నాయి. తన వంటింట్లోకొచ్చి కూర్చున్న ఆ ముసలావిడ మాత్రం ఎక్కడా లేదు.

ఆమె టోపీ పెట్టుకోవడం చూసి ఎగాన్ తెల్లబోయాడు. "నువ్వెక్కడికి? ఆరింటాయనకి తలగడ సర్దాలిగా!"

"సభకి. నేనూ మాట్లాడతానని వాళ్లకి చీటీ పంపాను."

"నువ్వా! ఆవిడ గురించి నీకేం తెలుసు?"

ఒటీలియా ఉతికిన గుడ్డ ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"మూడేళ్లు ప్రతి గురువారం ఆవిడ సోఫా మీద పడుకున్నానండీ. ఒక్కసారి కూడా నాచేత గుడ్డ ఉతికించలేదు."